అంటించిన కాగితం కింద పాట

ఫ్లూటు వాయించే మనిషికి అన్నిటికంటే ముందు ఏది తరిగిపోతుందో చెప్పండి చూద్దాం? వేళ్లలో సత్తువ కాదు పిల్లలూ. ఊపిరి. అది గుర్తుపెట్టుకుని వినండి.

ఆ ఫ్లూటామె రోజూ తొమ్మిదింటికల్లా రిహార్సల్‌కి వచ్చేసేది. వాద్యబృందం కూర్చునే చోటు వేదిక కంటే నాలుగు మెట్లు కిందికి ఉంటుంది. అక్కడ కుంటికుర్చీ కాలి కింద అట్టముక్క సర్దుకుని, కాగితాలు విప్పుకునేది. నలభై ఏడేళ్ల కిందటి పాటల నాటకాన్ని మళ్లీ ఆడబోతున్నారు. స్వరాల కాగితాలు కూడా అప్పటివే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆనాటి వాళ్లు పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నారు. ఆ గీతల్లో వాళ్ల ఊపిరి ఇంకా ఉంది. గీత దగ్గరికి రాగానే అది కాగితం మీంచి లేచి, వాయించేవాళ్ల ఛాతీలోకి వెళ్లేది. ఒక్కో గీత ఒక్కసారికే. తర్వాత వెలిసిపోతుంది. తన కాగితాల్లోంచి సిగరెట్ కంపు కొడుతోందని ట్రంపెటాయన మొదటి రోజే రబ్బరు పెట్టి అన్నీ చెరిపేశాడు.

ఫ్లూటామె కాగితాలు అప్పట్లో ఫ్లూటు వాయించిన ఆమె తల్లివి. చలికాలంలో న్యుమోనియా వచ్చి తగ్గాక ఫ్లూటామెకు సగం ఊపిరే మిగిలింది. సీటు పోతుందేమోనన్న బెంగతో అమ్మ గీతలన్నీ రిహార్సల్స్‌లోనే వాడేసింది.

"పరీక్షకి దాచుకోవాల్సింది హోంవర్కుకే ఖర్చుపెట్టేశావన్నమాట," అన్నాడు కాగితాలు భద్రపరిచే ముసలాయన. అందరికీ ఆయన బాబాయే.

"సీటే పోయాక పరీక్ష ఎక్కడిది బాబాయ్?"

ఆ సాయంత్రమే బృందాన్ని నడిపించే మాస్టారు, ఆమెకంటే చిన్నవాడు, పక్కకి పిలిచాడు.

"అప్పట్లో నాటకం పొడుగైందని ఒక పాట ఎత్తేశారట అక్కా. దాన్ని మళ్లీ పెడుతున్నాం. పాటంతా ఫ్లూటు మీదే నడుస్తుంది. రేపు వాయించి చూపించండి. కష్టమైతే మొహమాటపడకండి. ఇంకొకరిని చూసి ఉంచాను."

చూసి ఉంచిన అమ్మాయి అప్పటికే వెనక వరసలో, ఒళ్లో ఫ్లూటు పెట్టెతో కూర్చుని ఉంది.

ఎత్తేసిన పాట మీద తెల్లకాగితం అంటించి ఉంది. బాబాయి కెటిల్ ఆవిరి పట్టి, మూల నుంచి మెల్లగా ఊడదీశాడు. అడుగున మూడు చోట్ల అమ్మ గీతలు. ఒక్కోదాని పక్కన గోరంత గీత ఇంకోటి.

"ఇవెవరివి బాబాయ్?"

"నీవే. చివర్లో చేర్చిన పాట ఇది. అప్పటికి మీ అమ్మకి ఎనిమిదో నెల. పొట్ట అడ్డొస్తోందని కాగితాల స్టాండు దూరంగా జరుపుకునేది. తన గీత పెట్టుకుని, 'దీనికీ ఊపిరి కావాలిగా' అని నీకూ ఒకటి పెట్టేది."

మర్నాడు ఆమె మొదలుపెట్టింది. మొదటి వరస అమ్మ ఊపిరితో గడిచింది. రెండోదీ గడిచింది. మూడో వరసలో అది సగంలోనే ఆగింది. నిండు గర్భిణి ఊపిరి ఎంతసేపని నిలుస్తుంది? ఆమె కళ్లు గోరంత గీత మీద పడ్డాయి.

ఆ ఊపిరి చాలా చిన్నది. కానీ జలుబు ఎరగదు, ఏడుపు ఎరగదు. లోపలికి వెళ్లి స్వరాన్ని చివరిదాకా మోసింది. పాట అయ్యాక కూడా బయటికి రాలేదు. కాగితం మీద గోరంత గీతలు మూడూ ఒకేసారి వెలిసిపోయాయి.

మాస్టారు తలెత్తకుండానే, "ఇంకోసారి అక్కా," అన్నాడు.

బాబాయి కళ్లు మూసుకున్నాడు. ఇక గీతలేం లేవు. ఆమె ఫ్లూటు పెదవికి ఆనించి, మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా తన ఊపిరితోనే వాయించింది. వెనక వరసలో అమ్మాయి పెట్టె అందుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ఆ కుర్చీలో ఆమె ఇంకా పదకొండేళ్లు కూర్చుంది. ఏటా డాక్టరు ఛాతీ విని, కుడి పక్కన చంటిబిడ్డ ఊపిరి వినిపిస్తోంది, మందులేం అక్కర్లేదు అని రాసిచ్చేవాడు.

ఇక నేను లేస్తాను పిల్లలూ. దుప్పట్లు సగమే మడతపెట్టాను, మిగతావి మంచం మీదే ఉన్నాయి.