డ్రమ్ములో మాత్రలు

పెళ్లి బ్యాండు డ్రమ్ముకు కొత్త తోలు వేద్దామని బేబీ పాతది విప్పగానే, లోపలి నుంచి నారింజ రంగు మాత్రలు గలగలా రాలాయి.

అవి ఆమె భర్త డానియేలు రక్తక్యాన్సర్ మాత్రలు. రోజూ పొద్దున ఆమే అతని చేతిలో పెట్టి, నీళ్లిచ్చేది. ఆమె వీపు తిప్పగానే డ్రమ్ము పక్కభాగంలో ఉన్న గాలి రంధ్రంలోకి జారేవన్నమాట. పెళ్లిళ్లలో అతను ఆ డ్రమ్ము వాయిస్తున్నా, బూరల మోతలో ఆ గలగల ఎవరికి వినబడుతుంది?

ఫలక్‌నుమా స్టేషన్ వెనక ఒంటిగది ఇల్లు. డానియేలు ఎడమ డొక్క పట్టుకుని మంచం మీద ఉన్నాడు. అక్కడ ప్లీహం వాచి రాయిలా అయింది.

"ఏందయ్యా గివి?"

"ఎలుకలు గిట్ల దాచినయేమో."

"ఎలుకలకు గూడ క్యాన్సరా?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

డాక్టర్ ఇంద్రజ నిన్ననే చెప్పింది: "ఇన్నేళ్లు నెమ్మదిగా ఉన్న జబ్బు ఇప్పుడు పరుగందుకుంది. ఇంకో మెట్టెక్కితే ఆపడం కష్టం. మందు వేసుకుంటుండగానే పెరిగిందా, మధ్యలో మానేశారా? దాన్నిబట్టే కొత్త మందు చూస్తాను."

"రోజూ ఏసుకుంటున్న మేడం" అన్నాడు డానియేలు.

బేబీ వచ్చి అతని పక్కన కూర్చుంది. జ్వరంతో కాలుతున్న నుదుటి మీద చెయ్యి వేసింది.

"లొల్లి చెయ్యనయ్యా. నువ్వే చెప్పు డాక్టరమ్మకు. నేను జెప్తే నిన్ను పట్టిచ్చినట్టయితది."

"తిడ్తదేమో."

"తిట్టనియ్యి. నేను లేనా?"

ఫోను కలిపి అతని నోటి దగ్గర పెట్టింది. డానియేలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మేడం, నేను డానియేలును. నిన్న మీకు అబద్ధం చెప్పిన. మాత్ర ఏసుకుంటే చేతులు కొంకర్లు పోతుండె. పత్తర్‌గట్టిల బరాత్ నడుమ డ్రమ్ము కట్టె జారి పడ్డది, బ్యాండోళ్లు మస్తు నవ్విన్రు. దానికి ఫికర్ లేదు. రాత్రయితే బేబీ నా వేళ్లు ఒత్తుకుంట కూసుంటుండె. తెల్లారితే మలక్‌పేటల నాలుగిండ్ల బాసన్లు తోముడు. ఆమెకు నిద్రే లేకపాయె. అప్పుడే రిపోర్టు మంచిగొచ్చింది. ఇగ జబ్బు పోయింది, ఈమెనన్న పండుకోనిద్దామనుకున్న. ఎండకాలం పెండ్లిళ్ల కాడికెల్లి ఏసుకోలే. పారేద్దామంటే ఈమె చేతులతోని ఇచ్చినవాయె, పానం ఒప్పలే. ఎవ్వరు మానెయ్యమని చెప్పలే మేడం, నేనే మానేసిన. ఇప్పుడేమన్న చెయ్యొస్తదా?"