నాలుగో మూల

నా భర్త సదానందం చనిపోయిన రోజు, వరంగల్ కొత్తవాడలోని మా ఇంట్లో మగ్గం మీద తివాచీ పూర్తి కావడానికి జానెడు మిగిలి ఉంది. ఆయనను దవాఖాన నుంచి తెచ్చేసరికి ఆయనతో కలిసి నేసే మరిది మొగిలి దాని మీద తెల్లగుడ్డ కప్పాడు.

ఆ తివాచీకి మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడ నర్సుగా పనిచేసే మా ఆడబిడ్డ కూతురు లావణ్య, సెలవునాడు ఒక పాత ప్రభువుల భవనం చూడటానికి వెళ్లింది. ఒక గదిలో పరిచిన తివాచీ పక్కన ‘వరంగల్’ అన్న పేరు చూసి ఫొటో పంపింది. ఆయన అలాంటిదే నేయడం మొదలుపెట్టారు. ఫొటోలో మూడు మూలల్లో చిలుక, నెమలి, కొంగ ఉన్నాయి. నాలుగో మూల ఒక పెద్ద బల్ల కింద ఉంది.

"కాకినో గద్దనో వెయ్యరాదు?" అన్నాను ఒకసారి.

"నేసినోడు ఏమేసిండో చూడకుంట ఎట్లేస్త? ఒకడు మాట్లాడుతాంటే నడుమల మనం అందుకున్నట్టుంటది," అన్నారు.

కర్మకాండలు అయ్యాక మొగిలి కత్తెర తీశాడు. "వదినె, ఇగ దీన్ని కోసి మడతవెడ్త. జాగ ఖాళీ అయితది."

"కొయ్యకు. నేను పోయి చూసొస్త."

"అదేమన్న హన్మకొండనా వదినె, పోయి రానీకి? ఇంగ్లండు!"

"సోషల్ టీచర్‌ను మొగిలీ. ఏడున్నదో నాకెరుకే."

వేసవి సెలవుల్లో లావణ్య దగ్గరికి వెళ్లాను. గేటు నుంచి భవనం దాకా చాలాసేపు నడిచాం. రెండు వైపులా కత్తిరించిన గడ్డి, పెద్ద చెట్లు, దూరంగా గొర్రెలు. మధ్యలో చెరువు.

"దీని కింద పొలం ఎంతుంటది?" అని అడిగాను.

లావణ్య నవ్వింది. "అత్తమ్మా, ఇది చూడనీకె తవ్విచ్చిండ్రట. నాట్లెయ్యరు ఈడ. దా, పూలతోటల జర ఫొటోలు దిగుదాం."

"ముందు గది."

"చాయన్న తాగుదాం!"

"ముందు గది, లావణ్యా."

గదికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎందుకు వచ్చానో ఆమెకు ఇంగ్లిషులో చెప్పాను. పాపం అంది. బల్ల జరపడం కుదరదంది. జరపవద్దు, వంగి చూస్తానన్నాను. తాడు దాటనివ్వరంది. నేను అక్కడే నిలబడ్డాను. చూడవచ్చినవాళ్లు నన్ను తప్పించుకుని వెళ్తున్నారు.

"అత్తమ్మా, అందరు మననే చూస్తాండ్రు," అని లావణ్య నా కొంగు లాగింది.

"చూడనీ."

చివరికి పెద్దావిడ ఎవరికో ఫోన్ చేసింది. ఒకాయన వచ్చి తాడు విప్పి, నా చేతికి టార్చి ఇచ్చాడు. చెప్పులు విడిచి, తివాచీ తొక్కకుండా దాని పక్కన చెక్క నేల మీద మోకాళ్లూనాను.

బల్ల కింద మూల లేదు. దాన్ని తిన్నగా కోసి, అంచుకు వేరే గుడ్డ కుట్టారు. ఒకప్పుడు అక్కడ గోడకు చలి కాచుకునే నిప్పుగూడు ఉండేదని, దానికి సరిపడేలా ఎప్పుడో కోసి ఉంటారని, ఆ ముక్క తమ దగ్గర లేదని ఆయన చెప్పాడు. కోసిన చోట రెండు ఎర్రటి కాళ్లు మాత్రం మిగిలాయి.

టార్చి వెలుగు వాటి మీద పట్టాను. లావణ్య ఫొటోలు తీసింది.

వరంగల్‌లో మొగిలి ఆ ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"కాళ్లేనా?"

"కాళ్లే."

"కాళ్లను వట్టి ఏం పిట్టని చెప్పాలె? కోడి గూడ గావొచ్చు."

"కావొచ్చు."

"మరి ఇంత దూరం వోయి ఏం తెచ్చినట్టు వదినె?"

"చూడకుంట నెయ్యనన్నడు మీ అన్న. చూసిన. కనవడ్డంత నెయ్యి. తర్వాత సంగతి ఇద్దరం కూసోని ఆలోచిద్దాం."

మొగిలి మగ్గం దగ్గరికి వెళ్లాడు. తెల్లగుడ్డ తీసి దులిపాడు. నేను గళ్ల కాగితం మీద ఆ కాళ్లు గీసిచ్చాను. రోజూ బడి నుంచి వచ్చాక మగ్గం పక్కన కూర్చుని ఎర్ర ఊలు అందించాను. అవతలి మూలలో కొంగ మోకాళ్ల దాకా వచ్చేసరికి ఇవతల కాళ్లు పూర్తయ్యాయి. ఈ చివర నుంచి ఆ చివరకు వరుస మొత్తం కలిపే నేయాలి కాబట్టి మగ్గం ఆపాం.

ఏ పిట్టో ఇంకా తేల్చుకోలేదు. రెండు మూలలూ ఇంకా నేయాలి.