కీ పేపర్‌లో లేని జవాబు

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వంటింటి గట్టు మీదే నాలుగో తరగతి ఈవీఎస్ పేపర్లు దిద్దుతున్నాను. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో దిద్దడానికి తీరిక దొరకదు, ఇంట్లో దిద్దితే దాన్నెవరూ పని అనరు. "గా కాయితాలు జర పక్కకు పెట్టు, పప్పు మాడుతున్నట్టుంది," అని మా అత్తమ్మ దేవవ్వ అప్పటికే రెండుసార్లు అంది. ఐదో ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగింది. పత్తి పువ్వు ఏ రంగులో ఉంటుంది? కీ పేపర్‌లో జవాబు పసుపు. ఈ పేపర్లో మాత్రం, "విచ్చిన రోజు లేత పసుపు. మర్నాడు గులాబి. నేను చూసిన," అని ఉంది.

పేరు చూడక్కర్లేదు. నా కూతురు సృజన రాత. అది నిజమనీ నాకు తెలుసు. బోథ్ దగ్గర నా పుట్టింట్లో, మా అవ్వగారి చేనులో పెళ్లయ్యేదాకా పత్తి ఏరినదాన్ని. కిందటేడు అక్కడే సృజన ఒక పువ్వుకు దారం కట్టి, మర్నాడు పొద్దున్నే పరిగెత్తి వెళ్లి చూసుకొచ్చింది. అయినా ఎర్ర పెన్నుతో కొట్టేశాను. కీ దాటి మార్కు వేస్తే ప్రిన్సిపాల్ సారు అందరిముందూ నిలబెట్టి అడుగుతాడు. సొంత బిడ్డకు వేసుకుందని తోటి టీచర్లూ అంటారు.

పేపర్లు ఇచ్చిన రోజు ఇంటికి వస్తూ ఆటోలో అడిగింది.

"అమ్మా, గిది తప్పెట్లయితది?"

"కీల పసుపని ఉన్నది బిడ్డా."

"కీ రాసినోళ్లు పత్తి చేను సూసిండ్రా?"

"పరీక్షల అట్లనే రాయాలె. ఇగ అడగకు."

ఇగ అడగకు. ఆ మాట నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆదిలాబాద్‌లోని ఈ ఇంటికి వచ్చాక నేనూ అడిగేదాన్ని. అందరూ తిన్నాకే నేనెందుకు తినాలి, నా బీఈడీ పరీక్షనాడే ఇంట్లో విందు ఎందుకు పెట్టాలి అని. "టీచరమ్మకు అన్నీ సవాళ్లే," అని నా ప్రశ్నలకు అత్తమ్మ నవ్వేది. "నీకేం సమజైతది, ఊకో," అనేవాడు మా ఆయన కొండల్. అతను చెడ్డవాడు కాదు. పదో తరగతి తప్పి పత్తి జిన్నింగు మిల్లులో చేరి, తనకంటే చిన్నవాళ్లు సారు అనిపించుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. బిడ్డకు ఆ గతి రావద్దన్నదే అతని ఫికర్. ఇలా ఒక్కొక్కరి బాధా అర్థం చేసుకుంటూ పోయి, నేను అడగడమే మానేశాను. పదేళ్లలో ఎవరూ దాన్ని గమనించలేదు. మంచి కోడలని మాత్రం పేరొచ్చింది.

తర్వాతి పరీక్షలో సృజనకు అన్నిట్లో పూర్తి మార్కులు వచ్చాయి. ప్రతి జవాబూ కీలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. కొండల్ ఆ రోజు మిల్లు నుంచి వస్తూ జిలేబీ పట్టుకొచ్చాడు. "ఇప్పుడు లైన్ల వడ్డది నా బిడ్డ. అయిదో తరగతికి కరీంనగర్ల రెసిడెన్షియల్ స్కూల్ల ఏస్తా. మాట్లాడిన," అన్నాడు. ఎంతో సంతోషంగా ఉన్నాడు. నేను జిలేబీ అందరికీ పంచాను.

దసరా సెలవులకు మా అవ్వగారింటికి వెళ్లాం. చేను గట్టున నడుస్తూ ఒక పువ్వు తెంపి సృజన చేతిలో పెట్టాను. నిండు గులాబి రంగు.

"గిదేం రంగు బిడ్డా?"

తను పువ్వు వైపు చూడలేదు. నా ముఖం వైపు చూసింది.

"నువ్వేది చెప్పమంటే గది చెప్తనమ్మా."

గట్టు మీదే కూర్చున్నాను. ఎండ తగిలిందేమో అనుకుని మా అవ్వ నీళ్లు తెచ్చింది.

సెలవుల తర్వాత ఒకరోజు నేను లీవు పెట్టి సృజనను మా వీధి చివరి సర్కారు బడికి తీసుకెళ్లాను. అక్కడి టీచర్ మమతారాణి నాతోపాటు బీఈడీ చదివింది. సృజనను నాలుగో తరగతిలో కూర్చోబెట్టి నేను వరండాలో కూర్చున్నాను. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, గదిలో గోల. ఎవరో పిల్ల, "మేడం, చీమలు నిద్రపోతయా?" అని అడిగింది. "నాకు గూడ తెల్వదు. ఎట్ల తెలుసుకుందాం చెప్పుండ్రి," అంది మమతారాణి. తెల్వదు అని ఒక టీచర్ పిల్లల ముందు అనడం నేను మా బడిలో ఎన్నడూ వినలేదు. మధ్యాహ్నానికి ఆ గోలలో సృజన గొంతు కూడా వినిపించింది.

సాయంత్రం అడిగాను. "గీ బడికొస్తవా? నీకెట్లనిపిస్తే అట్ల చెప్పు."

మళ్లీ నా ముఖంలో జవాబు వెతికింది. దొరకకుండా తల తిప్పుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాను.

"వస్తనమ్మా. గాని మా దోస్తులు యాదికొస్తరు."

మర్నాడు మా బడిలో, నా తరగతి పిల్లలందరి ముందు చెప్పాను. "పత్తి పువ్వు గురించి సృజన రాసింది కరెక్టే. తప్పుగా దిద్దింది నేను." తర్వాత వెళ్లి టీసీ అడిగాను. ప్రిన్సిపాల్ సారు గొంతు పెంచలేదు. "టీచర్ బిడ్డనే సర్కారు బడికి పోతే మా పరువేం గావాలె? రేపట్నించి మీరు గూడ రాకుండ్రి మేడం," అన్నాడు. టీసీ తీసుకునే బయటికొచ్చాను. సర్కారు బడి ఫారంలో తల్లి సంతకం చాలని మమతారాణి చెప్పింది. పెట్టాను.

కొండల్ మిల్లు నుంచి వచ్చేసరికి సంగతి అతనికి తెలిసిపోయింది. చెప్పులు కూడా విప్పలేదు. ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది నాకు. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. సృజన పుస్తకం మూసి మమ్మల్నే చూస్తోంది.

"నన్నడగలే, అవ్వనడగలే. ఎవర్నడిగి ఏసినవ్ నర్మదా గా బడిల?"

"సృజననడిగిన," అన్నాను.