కేస్లి ఏడ్చిన పేర్లు

కుమారస్వామి పోలీసు నౌకరీ అంతా ప్రశ్నలు అడగడంతోనే గడిచింది. రిటైరై ఖమ్మంలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక మాత్రం అడగడం మానేశాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ ఆయన దారి వేరు. "అడిగితే జవాబొస్తదమ్మా, నిజం రాదు" అనేవాడు. ఎదుటి మనిషికి చాయ్ పోసి ఊరికే కూర్చోవాలట. ఆ ఊరుకోవడం భరించలేక వాడే ఏదో ఒకటి మొదలుపెడతాడట. మనం ఒక మాట తప్పు చెబితే, నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నవాడు కూడా దాన్ని దిద్దకుండా ఉండలేడట.

ఈ విద్యంతా ఆయన దగ్గర బాగా ఒంటబట్టించుకున్నది ప్రమీల. కొత్తగూడెం బొగ్గుబావిలో పనిచేసిన రూప్‌సింగ్ కూతురు. కంపెనీ క్వార్టర్లలో పెరిగి, డిగ్రీ చేసి, ఈ ఉద్యోగంలో చేరింది. ఎక్కువగా పెళ్ళి ఎంక్వైరీలే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ముందే ఎక్కడైనా మాటయిందా, ఇలాంటివి. పక్కింటివాళ్ళు ఆమెకు అడగని సంగతులు చెప్పి, పోయేటప్పుడు సంచిలో నాలుగు వంకాయలు కూడా వేసి పంపేవాళ్ళు. తన పనితనం మీద ఆమెకు గర్వం ఉండేది. ఆ గర్వం సంగతి ముందే చెప్పడం మంచిది, తర్వాత జరిగిన పాడంతా దానివల్లే జరిగింది గనక.

రెండువేల ఆరులో గోదావరి వరద తీసిన కొన్నాళ్ళకు గోపాలు అనే మనిషి ఆఫీసుకు వచ్చాడు. కొత్తగూడెంలో టిప్పర్లు తిప్పుతాడు. భార్య శారద పుట్టింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి తల్లితో భద్రాచలం పోయి, వరదనీళ్ళలో కొట్టుకుపోయిందని కబురొచ్చింది. శవం దొరకలేదు. అందరూ నమ్మారు, గోపాలు నమ్మలేదు.

"బతికుంటే తెచ్చుకుంట సార్. పోతే కర్మ జేసి గుండె రాయి జేసుకుంట. ఏదో ఒకటి తెలవాలె గద" అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

లోకంలో ఎవరినైనా చదవగలనని నమ్మే కుమారస్వామి, డబ్బిచ్చి పని అప్పజెప్పే పార్టీని చదవడం మాత్రం మన పని కాదనేవాడు. శారద లంబాడీ పిల్ల, ప్రమీలా లంబాడీయే. తండాలో ఆ భాష మాట్లాడేవాళ్ళు పోతేనే పని జరుగుతుంది. కాబట్టి ప్రమీలను పంపాడు.

టేకులపల్లిలో బస్సు దిగి, ఆటోలో కొంత, నడిచి కొంత వెళ్ళింది. ఆ రోజుల్లో ఆ అడవి అంచున కొత్తమొహం కనబడితే పోలీసుల మనిషా, అన్నల మనిషా అని ముందు అదే చూసేవారు. అందుకే ఆమె నోటుబుక్కు తెచ్చుకోలేదు, నేత చీర కట్టుకుంది. శారదా తానూ కొత్తగూడెం హాస్టల్లో కలిసి చదివామనీ, కబురు ఇప్పుడే తెలిసిందనీ అబద్ధం సిద్ధం చేసుకుంది.

ముందు తగిలినవాడు శారద చిన్నాన్న లాలు. నులకమంచం బిగిస్తున్నాడు. "తానానికి దిగింది, కాలు జారింది, చెప్పులు గట్టుమీదున్నయ్" అన్నాడు తలెత్తకుండా. బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్న ఆమె కూడా అదే చెప్పింది. మేకలు తోలుకొస్తున్న ముసలాయనా అదే. కాలు జారింది అన్నాక ముగ్గురూ ఒకేచోట ఊపిరి తీసుకుని, చెప్పుల మాట చెప్పారు. నలుగురు నాలుగు తీర్లు చెబితే అది జరిగిన సంగతి, ఒక్కతీరుగా చెబితే నేర్చుకున్న సంగతి అని సారు చెప్పేది ప్రమీలకు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి లోపల్లోపల సంతోషపడింది కూడా. కానీ అనుమానాన్ని రిపోర్టులో రాయలేరు కదా.

శారద తల్లి కేస్లి వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. ప్రమీల స్నేహితురాలి కథ చెప్పింది. కేస్లి విన్నది గానీ పట్టించుకోలేదు. ఇద్దరూ తమ భాషలోనే మాట్లాడుకున్నారు.

"ఏ తండా బేటీ మీది?"

"మా దాదిది జూలూరుపాడు దిక్కు. మంగ్లి అని."

ఇది నిజమే. అబద్ధంలో కొంచెం నిజం కలపడం కూడా సారు నేర్పిన విద్యే. కానీ కేస్లి చేతిలోని కంకి కింద పడింది.

"మంగ్లి మనుమరాలివా? నన్ను గన్న యాడికి చెల్లెలి వరసనే ఆమె! నా లగ్గంల నాకు గాజులు తొడిగింది ఆమెనే!"

అంటూనే లేచి వచ్చి ప్రమీలను రెండు చేతులా చుట్టేసింది. భుజం మీద గడ్డం ఆనించి ఏడుపు అందుకుంది.

చాలాకాలానికో, ఆపదలోనో చుట్టం కలిస్తే లంబాడీ ఆడవాళ్ళు ఇలాగే కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. ఇంట్లో పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పిలుచుకుంటూ ఏడుస్తారు. రెండో ఆమె తనవాళ్ళను పిలుచుకుని ఏడుస్తుంది. చిన్నప్పుడు కొత్తగూడెం బస్టాండులో దాది ఇలా ఎవరినో పట్టుకుని ఏడుస్తుంటే, నలుగురూ చూస్తున్నారని ప్రమీల సిగ్గుతో దూరంగా పోయి నిలబడేది. ఇప్పుడు అదే రాగం తన గొంతులోంచి వచ్చేసరికి తానే బిత్తరపోయింది. దాదీ, నన్ను ఒడిలో పెట్టుకున్న దాదీ, అని ఏడ్చింది. అందులో నటన లేదు.

కేస్లి తన తల్లిని ఏడ్చింది. తండ్రిని ఏడ్చింది. తునికాకు కోతకు పోయి పాము కరిచి పోయిన అన్నను ఏడ్చింది. కామెర్లతో పోయిన పెద్దకొడుకును, నిరుడు కాలం చేసిన మొగుడు దేవ్లాను ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది.

ప్రమీల ఇంకా ఆ భుజం మీద గడ్డం ఆనించే ఉంది. మొన్న మొన్న వరదలో పోయిన బిడ్డ పేరు కోసం ఎదురుచూస్తోంది. ఆ పేరు రాలేదు.

దొరికింది! అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ చేతుల్లోంచి బయటికి రావాలనిపించింది. దొంగ ఇంట్లోకి దూరితే కనీసం గోడ దూకుతాడు. తనను ఎదురొచ్చి లోపలికి తీసుకుపోయారు.

కేస్లి రొట్టె, కారం పెట్టింది. శారద గురించి ప్రమీల ఏమీ అడగలేదు, ఊరికే కూర్చుంది. కేస్లే చెప్పింది, పొడి కళ్ళతో. "తానానికి దిగింది, కాలు జారింది, చెప్పులు గట్టుమీదున్నయ్." తర్వాత ఎవరూ నేర్పని మాట ఒకటి చెప్పింది. "వాడు మండే కట్టెతోని పిల్ల వీపు కాల్చిండు బేటీ. ఈసారి ఇల్లు దాటితే నరికి అడవిల ఏస్త అన్నడట. పంచాయితి వెట్టినం. దండుగ కట్టి, తప్పయింది అని తోల్కపోయిండు. మళ్ల గదే."

శారద చచ్చిపోయిందన్న మాటే శారదను బతికిస్తోంది. అది ప్రమీలకు రొట్టె గొంతు దిగకముందే అర్థమైంది. తిరుగు బస్సులో గట్టిగా అనుకుంది, చచ్చిపోయిందనే చెబుతాను, అంతే.

ఆఫీసులో కుమారస్వామి చాయ్ తెప్పించాడు. ఏమీ అడగలేదు.

"శారద పోయింది సార్. నిజమే" అంది ప్రమీల.

ఆయన తలూపి చాయ్ తాగుతున్నాడు. గోడ మీద ఫ్యాను కిర్రుమంటోంది. ఆ ఊరుకోవడం ఏమిటో, అది ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మూసుకోలేకపోయింది. చుట్టరికం ఎలా కలిసిందో చెప్పింది. కేస్లి ఎలా పట్టుకుందో చెప్పింది.

"ఏడ్చిందా తల్లి?"

"బాగా ఏడ్చింది సార్."

"నేను ఇల్లెందుల నౌకరి చేసినప్పుడు చూసిన. పేర్లు వెట్టి ఏడుస్తరు గద వాళ్ళు. ముందు మొగణ్ణి ఏడ్చి ఉంటది."

"కాదు సార్, తల్లి నుంచి మొదలువెట్టింది" అని ప్రమీల దిద్దింది.

దిద్దాక ఇక ఆగలేదు. తల్లి, తండ్రి, పాము కరిచిన అన్న, కొడుకు, దేవ్లా. ఒక్కటి పొల్లుపోకుండా వరసగా అప్పజెప్పింది. అక్కడ ఆగింది. ఆయన కప్పు కింద పెట్టి, ఆమె వైపు చూశాడు.

"శారద కూడ సార్" అంది.

ఆలస్యమైపోయింది. ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, మెచ్చుకోలు. "శాబాష్ అమ్మా. నేనైతే ఇది పట్టకపోదును."

ఆ మాట విని ఆమెకు సంబరమైంది. అదీ అసలు తప్పు. చుట్టరికం మాట ఎత్తకుండా ఉంటే సరిపోయేది. పేర్లు మరిచిపోయానంటే సరిపోయేది. ఇంత మంచి పని చేసి ఎవరికీ చూపించకుండా దాచుకోవడం ఆమెకు చాతకాలేదు. ఒక ఆడపిల్ల ప్రాణానికీ తనకు రావలసిన శాబాషుకూ మధ్య ఆమె మనసు శాబాషు వైపే ఒరిగింది.

"సార్, ఫోన్ చెయ్యకండి. వాడు చంపుతడు. వీపు కాల్చిండంట."

"కోపంల మొగోళ్ళు అంటరమ్మా, అన్నోళ్ళందరు చంపుతరా? ఉన్నది చెప్పుడు మన పని. తర్వాత వాళ్ళు, వాళ్ళ పెద్దమనుషులు" అంటూ ఆయన ఫోను ఎత్తాడు. నంబరు తిప్పుతున్నంతసేపూ ప్రమీల బల్లకు ఇవతల నిలబడే ఉంది. తీగ లాగెయ్యొచ్చు, అరవొచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. ఏదీ చెయ్యలేదు. జీతమిచ్చే సారు ముందు గొంతు లేవలేదు.

మర్నాడు మొదటి బస్సుకు బయలుదేరింది. టేకులపల్లి చేరేసరికే ఆటోవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు, రాత్రి తండా మీదికి జీపులో మనుషులు వచ్చిపోయారని.

వాకిలంతా మక్కలు చల్లినట్టు పడి ఉన్నాయి. గింజలు పోసే గుమ్మి పగిలి ఉంది. దూరంగా చింతచెట్టు కింద లాలు తలపట్టుకుని కూర్చున్నాడు. కేస్లి ప్రమీలను చూసి, "వచ్చినవా బేటీ" అంది. అలా అన్నందుకు ప్రమీలకు చచ్చిపోవాలనిపించింది.

కేస్లే అంతా చెప్పింది. ఇక దాచడానికేమీ లేదు గనక చెప్పింది. గోపాలు వచ్చి, పిల్ల బతికే ఉన్నదని నాకు తెలుసని ఇల్లంతా తోడి, చుట్టాల ఊళ్ళమీద పడ్డాడు. శారద చండ్రుగొండ దిక్కు ఒక చుట్టం చేనులో మంచె కింద ఉంటోంది. తండా నుంచి కబురు అంది, వాళ్ళు అక్కడికి చేరేలోపే మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎటు పోయిందో చుట్టానికి తెలియదు. తల్లికీ తెలియదు.

"వాళ్ళకు దొరికిందో, తప్పించుకున్నదో? అడవిల పడ్డదో, రైలెక్కిందో? ఎవలు చెప్తరు నాకు? ఈ లాలుగాడు చేసిండు. కల్లు తాగి ఎక్కడనో కూసిండు. ఇగ వాడు నా గడప తొక్కొద్దు, తండాల ఉండొద్దు. పెద్దమనుషులకు చెప్పిన."

"నేను చెప్పలే వదినా! నా పిల్లల మీద ఒట్టు!" అని లాలు అక్కణ్ణుంచే అరిచాడు. ఎవరూ అటు చూడలేదు.

ప్రమీల నోరు మూసుకుని తిరిగి వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. లాలు ఎట్లాగూ తాగుబోతే. ఆమె ఒక్క క్షణం ఆ సంగతి కూడా ఆలోచించింది.

"లాలు కాకా కాదు యాడీ. నేను."

కేస్లికి అర్థం కాలేదు. ప్రమీల చెప్పింది. హాస్టలు అబద్ధమని, ఆఫీసు సంగతి, గోపాలు సంగతి, అంతా. దాది పేరొక్కటే నిజమని.

"నీకెవలు చెప్పిన్రు? లాలు చెప్పకపోతే ఎవలు?"

"ఎవరూ చెప్పలే. నువ్వే. నన్ను పట్టుకుని అందరినీ ఏడ్చినవ్. శారదను ఏడ్వలే."

కేస్లి కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగుండునని ప్రమీల కోరుకుంది. కేస్లి మక్కల మధ్య కూలబడి తన రెండు చేతులవైపు చూసుకుంది.

"పోలీసులకు చెప్పిన, సచ్చిందని. సర్పంచ్‌కు చెప్పిన. వాని మొకం మీద చెప్పిన. గవి వట్టి మాటలు. బతికున్న బిడ్డను సచ్చినోళ్ళల్ల కలిపి ఎట్ల ఏడుస్త?"

తర్వాత చింతచెట్టు వైపు తిరిగి, "లాలూ, ఇంట్లకు రా" అంది.

అప్పుడే తండా దారిలో మనుషుల మాటలు వినిపించాయి. సంగతి తెలిసి కేస్లి అక్క వేరే తండా నుంచి పరుగున వస్తోంది. వాకిట్లో అడుగుపెడుతూనే చేతులు చాచి, చెల్లెల్ని లేపి చుట్టుకుంది. తనవాళ్ళను పిలుచుకుని ఏడ్చింది. ఆమె వంతు అయిపోయింది.

కేస్లి నోరు తెరిచింది. తల్లిని పిలిచింది, తండ్రిని పిలిచింది. అన్నను, కొడుకును, దేవ్లాను పిలిచింది. అక్కడ ఆగింది. అక్క భుజం మీంచి ప్రమీలను చూసింది.

"నువ్వు సదువుకున్న మేడంవు గద. చెప్పు. ఇప్పుడు నా బిడ్డను కలపాల్నా, వద్దా?"

తర్వాతి పేరు కోసం అక్క చెల్లెల్ని పట్టుకుని అలాగే నిలబడింది.