రీలు మార్చే వేళ

ఆ వేసవిలో చోడవరంలో దిగిన డేరా సినిమా అంత పెద్దది భూమ్మీద ఇంకోటి లేదు. దాన్ని కట్టడానికి మూడు ఊళ్ల కొబ్బరితాడు చాలక గేదెల పలుపులు విప్పి తెచ్చేరు. మధ్యలో గోనెపట్టాల అడ్డం: ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. ఒక్కటే మిషను కాబట్టి రీలు అయినప్పుడల్లా దీపం వేసేవారు.

బంగార్రాజు తన పెళ్లాం నూకరత్నాన్ని రోజూ మొదటాటకి తెచ్చి ఇసకలో కూచోబెట్టేవాడు. రోజూ అదే సినిమా. అతను గొంతెత్తితే చీడికాడ కొండల్లో పులులు పిల్లల్ని కరుచుకుని మకాం మార్చేసేవి. అలాంటి మనిషికి నూకరత్నం ఒక్క 'ఎందుకు'తో చెమటలు పట్టించేసేది.

"ఆ హీరోయిన్ని సూసి నేర్సుకో," అన్నాడు ఓ రాత్రి ఆట నుంచి ఇంటికొస్తూ. "మొగుడు పొమ్మంటే కాళ్లమీద పడతాది గానీ ఎందుకని అడుగుతాదేటి? డేరా ఎత్తీలోపు నీకా బుద్ధి రాకపోతే సీడికాడలో మీయమ్మ కాడ దింపేస్తాను. మరి తీసుకురాను."

పెరట్లో నూకరత్నం పెట్టిన బీరపాదు పూతమీదుంది. ఇంక నోరెత్తకూడదనే అనుకుంది.

దీపం వేసినప్పుడల్లా హీరోయిను తెర దిగి ఆడవాళ్లవైపు వచ్చి కూచునేది. అంతసేపు ఏడ్చిన మనిషి, అలుపు తీర్చుకోవద్దూ. ముసలి అచ్చియ్యమ్మ జరిగి చోటిచ్చి, మాడుగుల హల్వా పెట్టేది. హీరోయిను చేతిలో పడగానే హల్వా కూడా నలుపూ తెలుపూ అయిపోయేది.

ఆఖరాట నాడు నూకరత్నం ఉండబట్టలేకపోయింది.

"రోజూ నిన్ను పొమ్మంటాడు కదమ్మా, నువ్వేటి తప్పు సేసేవు?"

"తెలియదు అక్కా."

"మరి అడగవేటి?"

హీరోయిను నమలడం ఆపింది. "అడగవచ్చునా?"

"బాగుంది, దాన్నే అడిగేవు," అంది అచ్చియ్యమ్మ. "ఆ మాటకే దాన్ని తోలేస్తన్నాడు మొగుడు."

దీపం ఆరింది. తెరమీద హీరో వేలు చూపించి, "పో నా ఇంట్లోనుంచి," అన్నాడు. హీరోయిను వంగబోయి ఆగింది.

"ఎందుకు?" అంది.

హీరో కండువా సర్దుకున్నాడు. కుర్చీ చుట్టూ రీలంతా తిరిగేడు. చివరికి మగవాళ్లకేసి, సరిగ్గా బంగార్రాజుకేసి చూసేడు. డేరా మొత్తం అటే తిరిగింది.

"సెప్పు బావా," అన్నాడు పక్కనున్న దాసు. "పాపం ఆయన నిన్నే అడుగుతన్నాడు."

పులుల్ని తరిమిన ఆ గొంతులోంచి చీమ తుమ్మినంత చప్పుడు కూడా రాలేదు. మిగతా రెండు రీళ్లకీ పని లేకపోయి ఆట ముందే వదిలేసేరు.

ఇంటిదారిలో బంగార్రాజు మాట నిలబెట్టుకోవాలి కదా అని, "రేపు పొద్దున్న సీడికాడకి బండి కడతాను," అన్నాడు.

నూకరత్నం అతని మొహంలోకి చూసింది, నిజంగా తెలుసుకుందామనే.

"ఎందుకు?"

బంగార్రాజు నడక ఆపేడు. "ఉండు, ఆలోసించి సెప్తాను," అన్నాడు.

ఆలోచిస్తూనే ఉన్నాడు. బీరపాదు కాసింది. ముగ్గురు పిల్లలు పుట్టేరు, పెద్దగుంటకి మాటలొచ్చి అదీ ఎందుకని అడగడం మొదలెట్టింది. బండి మాత్రం ఇంకా కట్టలేదు.