ఒరిజినల్స్ బీరువా

మహబూబ్ అలీ బీరువా ముందు గొంతుక్కూర్చుని, కవర్లలోంచి ఎండిన వేపాకు తీసేసి పచ్చిది పెడుతున్నాడు. ఒక్కో కవరు విప్పి, కాగితాల అంచులు చూపుడువేలితో తడిమి, చెదలు లేదని నమ్మకం కుదిరాకే రెండు రెమ్మలు లోపలుంచి మూస్తాడు. గోదావరి పొంగి ఆఫీసు గదిలోకి మోకాలిలోతు నీళ్ళొచ్చిన ఏడాది, కంప్యూటర్లు వదిలేసి ముందు ఈ కవర్లనే నెత్తిన పెట్టుకుని మేడెక్కించిన మనిషి. భద్రాచలంలోని ఈ ప్రైవేటు కాలేజీలో ఇరవై మూడేళ్ళుగా అటెండరు. మోకాళ్ళు అరిగాయి. బీరువా తాళంచెవి ఒరుసుకుని నడుముకు ఎడమవైపు నల్లటి మచ్చ పడింది.

ఆ కవర్లలో ఉన్నవి ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరిన రోజే తీసేసుకుంటారు. జీతం పెంచితే మనుషులు నిలుస్తారని డైరెక్టర్ ఉదయ్ భాస్కర్‌కు తెలియక కాదు. కాగితాలు పట్టుకుంటే ఇంకా చవగ్గా నిలుస్తారని తెలిసే.

ఆ రోజు కాలేజీ ఆవరణలో జాబ్ మేళా. పైన క్లాసులు, కింద మేళా. దుమ్ముగూడెం, చర్ల, పర్ణశాల వైపు నుంచి మొదటి బస్సులకు వచ్చిన పిల్లలు ఫైళ్ళు గుండెకు హత్తుకుని జూన్ ఎండలో నిలబడ్డారు. వాళ్ళ ముందు మైకులో డైరెక్టర్ గొంతు ఖంగున మోగుతోంది.

"మా దగ్గర చేరినవాళ్ళు వదిలి వెళ్ళరండీ. ఎందుకంటే మాది ఒక ఫ్యామిలీ!"

చప్పట్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మహబూబ్ అలీ చేతిలో వేపరెమ్మ పుటుక్కున విరిగింది.

కెమిస్ట్రీ చెప్పే మనోజ్ఞ గుమ్మంలోకి వచ్చింది. జూలూరుపాడు పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"చాచా, గురుకులంల పోస్టు వచ్చింది. రేపు పది గంటలకు హైదరాబాదుల వెరిఫికేషన్. ఒరిజినల్స్ లేకుంటే పక్కన పెడ్తరట. సార్ ఇయ్యనంటుండు."

"ఏమన్నడు?"

"పరీక్షలైనంక చూద్దామన్నడు."

ఆ మాటకు మహబూబ్ అలీ ఒళ్ళు భగ్గుమంది. చేరిన మరుసటి ఏడే అతనికి కండక్టరు ఉద్యోగానికి పిలుపొచ్చింది. పదో తరగతి మెమో కోసం అప్పటి డైరెక్టర్ అయిన ఉదయ్ భాస్కర్ తండ్రి ముందు చేతులు కట్టుకుని నిలబడితే ఆయన భుజం తట్టి అచ్చం ఇదే మాట అన్నాడు. పరీక్షలయ్యేసరికి తేదీ దాటిపోయింది. తిరగబడలేదు. తలూపి, వెళ్ళి టీ తెచ్చిచ్చాడు. పైగా ఆ వేసవిలోనే తాళంచెవి చేతికిస్తే, నమ్మకస్తుణ్ణని పొంగిపోయాడు. తన మెమోకు తనే కాపలా! నిరుడు ఫిజిక్స్ జంపయ్య సారు ఇదే గుమ్మంలో ఏడిస్తే "నా చేతుల్ల ఏముంది సార్" అన్నాడు. తాళంచెవి చేతుల్లోనే ఉంది. అది తలుచుకుంటే వాళ్ళ మీదకన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మనోజ్ఞ కవరు తీసి, కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసి, వేపాకు దులిపి చేతిలో పెట్టాడు.

"మూడున్నరకు బస్సుంది. జల్దీ పో బేటా."

"మరి నీ ఉద్యోగం, చాచా?"

"దీన్ని ఉద్యోగమంటరా? పో ముందు."

ఆమె వెళ్ళాక మిగిలిన లెక్చరర్ల కవర్లు చంకన పెట్టుకుని మేడెక్కాడు. సర్క్యులర్ తిప్పినట్టే తిప్పాడు. క్లాసు గుమ్మంలో ఆగడం, "సార్" అనడం, పేరు చూసి ఇవ్వడం. కాగితాలు పట్టుకుని తిరిగే అటెండరును ఇరవై మూడేళ్ళలో ఎవరూ ఆపింది లేదు, ఆ రోజూ ఆపలేదు. ఇంగ్లిషు బాబూరావు సారు భయపడి చేతులు వెనక్కి లాక్కుంటే, కవరు ఆయన పుస్తకంలో పెట్టి వచ్చాడు.

నాలుగింటికి డైరెక్టర్ మెళ్ళో శాలువాతోనే ఆఫీసులోకి ఊడిపడ్డాడు.

"ఎవర్నడిగి ఇచ్చావ్?"

"మీరు ఎవర్నడిగి తీసుకున్నరు సార్?"

ఉదయ్ భాస్కర్ మొహం జేవురించింది. అలవాటైన బెదిరింపే నోటికొచ్చింది. "నీ సర్టిఫికెట్ కూడా ఇక్కడే ఉంది. గుర్తుందా?"

మహబూబ్ అలీ తాళంచెవి నడుము నుంచి విప్పి బల్ల మీద పడేశాడు.

"ఉంచుకోండి. ఎవరియో ఒకరియి పట్టుకోకుంటే మీకు నిద్రపట్టదు గదా."

బయట మేళా ఇంకా సాగుతోంది. వరసలోని ఒక పిల్ల అతని అటెండరు యూనిఫాం చూసి ఆపింది. "చాచా, ఒరిజినల్స్ ఏ టేబుల్ కాడ ఇయ్యాలె?"

"జిరాక్సులు ఇయ్యి బిడ్డా!" వరసంతా వినేలా అరిచాడు. "ఒరిజినల్స్ ఎవరడిగినా ఇయ్యకుండ్రి!"

అని గేటు దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

ఖాళీ బీరువా అడుగు అరలో ఒకే ఒక్క కవరు మిగిలింది. దాని మీద మహబూబ్ అలీ అని రాసిన సిరా వెలిసిపోయింది గాని, లోపల పదో తరగతి మెమోకు ఒక్క చెద కూడా పట్టలేదు. పొద్దున పెట్టిన వేపాకు ఇంకా పచ్చగానే ఉంది.