పేరు నిలిపినవాడు

శరత్కాల ప్రభాతము. మంచుతడి యింకను ఆరని కండెలపాటి నేతవీథిలో తూర్పుకొస నుండి పడమటికొస వఱకు సాగదీసిన పడుగులపై బాలభానుని అరుణకిరణములు ప్రసరించి శ్వేతతంతుసంతానమునకు క్షణకాలము కుంకుమవర్ణము నొసంగుచుండగా స్త్రీపురుషులు గంజికుంచెలు చేబూని ఇరువంకల నడచుచుండిరి. మగ్గపుగుంటలలో నాడెల చప్పుడింకను బయలుదేరలేదు. అట్టి ప్రశాంతవేళ భుజమున బొమ్మలపటపు చుట్టతో వంశావళులు చదువు కూర్మయ్య యా వీథి ప్రవేశించెను. వానివెంట నొక జీపు వచ్చి తూర్పుకొసన మొదటి యింటిముందు ఆగెను. అది యచ్చటనే యాగుట యెంత యనర్థమునకు మూలమయ్యెనో చదువరులకు క్రమముగా తెలియగలదు.

మూడేండ్ల కొకమారు వచ్చి అరుగుపై పటము వ్రేలాడదీసి మూలపురుషుడు మొదలు నిన్న పుట్టిన శిశువు వఱకు గల నామములను రాగయుక్తముగా చదివి నేతవారు పెట్టిన బియ్యమును క్రొత్తపంచెను గైకొని మరలిపోవుట కూర్మయ్య కులవృత్తి. ఆ చదువున తాతతండ్రులు నిలిపిన మర్యాద యొకటి కలదు. సామాన్యముగా “ఫలానివానికి పుట్టినవాడు” అని చదువుదురు. జననమునందు మఱుగేదేని యున్నచో “ఫలానివాని పేరు నిలిపినవాడు” అని మార్చి చదువుదురు. చదువువానికి సత్యము తప్పదు. వినువానికి గౌరవము తప్పదు. ఈ భేదము ఆ వృత్తివారికి దక్క అన్యుల కెవ్వరికిని తెలియదు.

ఏడవ యింటి సింగరయ్యకు ఆ మాట యన్న ప్రాణము. వాడు నలువదేండ్లవాడు; జరీయంచు నేయుటలో చేయి తిరిగినవాడు. “రామలింగని పేరు నిలిపినవాడు సింగరయ్య” అని కూర్మయ్య యెలుగెత్తగానే మీసము దువ్వుకొని తల్లి అచ్చమ్మ వంక చూచి నవ్వెడివాడు. ఆ తల్లి తల వంచుకొనెడిది. అది వినయమని యందఱును తలంచిరి.

జీపులో వచ్చినది సువర్చల యను వైద్యపరిశోధకురాలు. ఆ వీథిలో పసిబిడ్డలు నెత్తురు చాలక పాలిపోయి ఐదేండ్లు నిండకుండ రాలిపోవుచుండిరి. మేనరికములచే తరతరములు అల్లుకొన్న యా కుటుంబములలో వ్యాధి యే శాఖనుండి దిగుచున్నదో కనిపెట్టుటకు ఆమెకు నెత్తురును కావలసెను వంశావళియు కావలసెను. ఆమె చెడ్డది కాదు. “మీ బిడ్డల జబ్బు తెలిసికొనుటకే” యని చెప్పి సమ్మతిపత్రముపై వ్రేలిముద్రలు వేయించుకొని నెత్తురు తీసికొనెను. కాగితముమీద మాత్రము “తదితర పరిశోధనములకును” అని యుండెను. బిడ్డలు చచ్చుచున్న వీథిలో తదితరములు విచారించు తీరిక యెవరికి?

వంశావళి నంతయు యంత్రమున నెక్కించుకొని మరల మరల విన్న సువర్చల నాలుగవనాటి మధ్యాహ్నము అరుగుపై కూర్మయ్య చెంత కూర్చుండి యిట్లడిగెను.

“కూర్మయ్యగారూ, మూడుచోట్ల మాత్రము మాట మారినది; రెండు ఏనాడో గతించినవారి పేర్లయొద్ద, ఒకటి సింగరయ్య పేరియొద్ద. ఏల?”

డెబ్బదియేండ్ల జీవితమున వాని విద్యను గూర్చి ప్రశ్న యడిగిన విద్యావతి యామె యొక్కతెయే. తండ్రి పెట్టిన కట్టడి యొకవంక నోరు నొక్కుచుండెను. మెప్పువలని పొంగు వేఱొకవంక తన్నుకొనివచ్చుచుండెను. పాపము, పొంగే గెలిచెను.

“అమ్మా, అది మా గుట్టు. చదువుకొన్నవారు గనుక మీకు చెప్పుచున్నాను. ఎవరితోను అనకుడు.”

“అనను” అని యామె మాట యిచ్చెను. అనలేదు, వ్రాసెను.

సింగరయ్య నెత్తురును వాని పినతండ్రియగు రామలింగని తమ్ముని నెత్తురుతో సరిచూడగా వంశావళిలోని మాటయు నెత్తురును ఒక్కటే చెప్పెను. సువర్చల మురిసిపోయెను. వ్యాధిమూలమును వెల్లడించిన గ్రంథముననే యీ వింతయు నొక పుట యాక్రమించెను. ఊరిపేరు కలదు గాని మనుష్యుల పేర్లు లేవు. ఇండ్లకు సంఖ్యలు మాత్రమే కలవు. జీపు ఆగిన యింటినుండి వరుసగా ఒకటి రెండు మూడని వేసిన సంఖ్యలు! ఒక దినపత్రిక యా పుటను తెనుగున ప్రకటించిన నాడు కండెలపాటివారు తూర్పుకొస నుండి వ్రేళ్లు మడచుకొనుచు పోయి యేడవ యింటియొద్ద ఆగిరి.

పినతండ్రి కొడుకు చిదంబరము ఇంటికొఱకు వ్యాజ్యెము వేసెను. వివాహబంధమున జనించిన బిడ్డ యా భర్తకే బిడ్డయని, ఆపై నెత్తురు విచారణతో తమకు పనిలేదని న్యాయాధిపతి దానిని కొట్టివేసెను. ఇల్లు నిలిచెను; ఇంటివాడు నిలువలేదు. తండ్రి తద్దినమునాడు తడిబట్టతో కూర్చుండి పిండము చేతబట్టిన సింగరయ్య “అమ్మా, ఎవరి పేరు చెప్పుదును?” అని యడిగెను. ఆ యడుగుటలో కోపము లేదు. కోపమున్నచో అచ్చమ్మ భరించియుండునేమో. ఆమె యెప్పటివలె తల వంచుకొనుట చూచి వాడు పిండమును విస్తరిలో విడిచి లేచెను. ఆ వారముననే మగ్గము విప్పి బండిపై వేసికొని యే యూరికో వెడలిపోయెను.

వార్త విని పరుగున వచ్చిన సువర్చల కూర్మయ్య గుడిసెముందు కన్నీటితో నిలిచెను.

“నేను పేరొక్కటియు వ్రాయలేదు గదా!”

“వ్రాయలేదమ్మా. దారి చూపితిరి. మీరు తెలియక చేసితిరి, నేను తెలిసి చేసితిని. పెద్దపాపము నాది.”

శాస్త్రము కల్లలాడలేదు. ఆ వీథివారు నేడు పెండ్లికి ముందు నెత్తురు చూపించుకొనుచున్నారు; పసివారు బ్రదుకుచున్నారు. ఆ మేలు మఱచుట కృతఘ్నత. అయినను శాస్త్రమునకు కన్నులే కాని రెప్పలు లేవు. చూడదగినది చూచి మూయదగినచోట మూయు రెప్పను కూర్మయ్య పూర్వులు ఒక్క మాటతో కల్పించిరి. ఆ మాటను వాడు ఒక్క మెప్పునకు జాఱవిడిచెను.

మరల మూడేండ్లు నిండెను. అదే శరత్తు, అవే పడుగులు. కూర్మయ్య పటము వ్రేలాడదీయగానే వీథియంతయు గంజికుంచెలు దించి అరుగుచుట్టు మూగెను. వాడు కన్నులు మూసికొని మూలపురుషుని పేరెత్తి వాని కొడుకును “పేరు నిలిపినవాడు” అని చదివెను. ఆ కొడుకు కొడుకును అట్లే చదివెను. ఒక్కచోటనైన “పుట్టినవాడు” అనలేదు. “పేరు నిలిపినవాడు చిదంబరము” అని వినబడగానే చిదంబరము దిగ్గున లేచి మరల చతికిలబడెను. ఎవ్వరును నవ్వలేదు. అందఱి నడుమ అందఱి మాటతోనే “రామలింగని పేరు నిలిపినవాడు సింగరయ్య” అని కూడ వచ్చి వెడలిపోయెను.

చదువు ముగిసినపిదప అచ్చమ్మ చేట నిండ బియ్యము తెచ్చి వాని కొంగున పోయబోయి ఆగెను.

“బాగుగ చదివితివి నాయనా. వినవలసినవాడు లేడు.”

కూర్మయ్య కొంగు పట్టలేదు. పటము చుట్టుకొని, తీసికొనని బియ్యమునకు దండము పెట్టి, వచ్చిన దారినే మరలెను. ఏడవ యింటి మగ్గపుగుంటలో ప్రొద్దుటియెండ నేయువాడు లేక ఊరక పడియుండెను.